వెనక హుక్కుల జాకెట్టు

మా అక్క ఫోను చేసిందంటే మొదటి మాట నా ఒంటి గురించే. లావయ్యావంట కదా అంటుంది, లేకపోతే గొంతు నీరసంగా ఉంది, తిండి మానేశావా అంటుంది. గొంతు విని ఒంటిని అంచనా కట్టే విద్య ఆమెకు ఎట్లా అబ్బిందో నాకు తెలియదు. ఆమెను ఒక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కడ కలిసినా ఇదే వరస. వచ్చినవాళ్ళు చెప్పులు విడవకముందే తల నుంచి పాదాల దాకా ఒక చూపు చూస్తారు. నడుము పెరిగిందనో, మెడ చుట్టూ నల్లబడిందనో, జుట్టు పలచబడిందనో తీర్పు చెప్పి, ఆ తర్వాత మంచినీళ్ళు ఇస్తారు. మా తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి బెంగళూరుకు వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో మాట్లాడే తెలుగులో కన్నడం కలిసిపోయింది, పాత పేటలోని ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి, కానీ ఈ చూపుకు మాత్రం ఏ మార్పూ రాలేదు.

నాకు యాభై దాటింది. సర్జాపుర రోడ్డులో ఒక స్కూల్లో సైన్సు చెబుతాను. మా ఆయన బెళ్ళందూరులో ఒక ఆఫీసులో పని చేస్తారు. ఒంటిని గురించి నాకు కొంచెం తెలుసుననే అనుకునేదాన్ని. గుండె ఎట్లా కొట్టుకుంటుంది, ఎముక ఎట్లా అతుక్కుంటుంది అని ఏడాదికొకసారి పిల్లలకు చెబుతూనే ఉన్నాను కదా. నా ఒంటిలో ఏం జరుగుతోందో నాకే తెలియదని తెలిసింది భుజం నొప్పి వచ్చాకే.

అది వానాకాలంలో మొదలైంది. కారు ముందు సీటులో కూర్చుని, వెనక సీటు మీదున్న గొడుగు అందుకుందామని కుడిచెయ్యి వెనక్కి చాచాను. భుజంలోకి ఇనుప చువ్వ దింపినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉంది కాబట్టి మా ఆయన తిరిగి చూశారు. నరం పట్టి ఉంటుంది, రేపటికి సర్దుకుంటుంది అన్నారు. సర్దుకోలేదు. చెయ్యి పైకి లేవడం రోజురోజుకూ తగ్గింది. మొదట పై అరలో డబ్బా అందలేదు. తర్వాత జడ వేసుకోవడం కుదరలేదు. ఆ తర్వాత స్నానంలో వీపు రుద్దుకోవడం పోయింది. లోపల వేసుకునేదాని హుక్కులు ముందువైపు పెట్టుకుని, తర్వాత వెనక్కి తిప్పుకోవడం నేర్చుకున్నాను.

ఆరో తరగతికి కీళ్ళ పాఠం చెబుతున్నాను. భుజంలో ఉండేది బంతిగిన్నె కీలు, అది అన్ని దిక్కులకూ తిరుగుతుంది అని చెబుతూ బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. వెనక బెంచీల వాళ్ళు కనపడడం లేదు మేడమ్ అన్నారు. కొంచెం పక్కకు జరిగి గీశాను. అప్పుడూ కనపడడం లేదన్నారు. అప్పుడు తెలిసింది, నేను బోర్డుకు అడుగున, ముందు బెంచీ పిల్లల తలల వెనక దాక్కునేంత కింద గీస్తున్నానని. చెయ్యి అంతకంటే పైకి పోవడం లేదు. అన్ని దిక్కులకూ తిరిగే కీలు గురించి చెబుతున్న మనిషికి ఆ కీలే తిరగడం లేదని ఆ పిల్లలకు చెప్పలేదు. పుస్తకంలో బొమ్మ చూసుకోమన్నాను.

ఇక సలహాలు మొదలయ్యాయి. స్టాఫ్ రూములో హిందీ చెప్పే ఆమె దిండు మార్చమంది. లెక్కల ఆయన అది గ్యాస్ అన్నాడు, భుజంలోకి గ్యాస్ ఎట్లా పోతుందని అడిగితే పోతుంది మేడమ్, మా అత్తకు పోయింది అన్నాడు. మా అపార్టుమెంటులో కింది అంతస్తు ఆమె అయస్కాంతాలు కుట్టిన ఒక పట్టీ తెచ్చి, వద్దంటున్నా నా భుజానికి చుట్టి పోయింది. మా ఆయన వయసు అన్నారు. వయసు రెండు భుజాలకూ ఒక్కటే కదా, ఎడమది బాగానే ఉందే అన్నాను. మా అక్కకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"నువ్వు పది కేజీలు తగ్గు. భుజం దానంతట అదే దిగుతాది," అంది.

భుజం దిగడం కాదక్కా, లేవడం లేదు అని చెప్పాను. అయితే మరీ మంచిది, పని తక్కువ చేస్తావు అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒంటికి ఏ కష్టం వచ్చినా దాన్ని లావులోకో వయసులోకో తోసేసి చేతులు దులుపుకోవడం ఎంత సులువో అప్పుడు చూశాను.

ఆఖరికి ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని మెల్లగా పైకి లేపాడు. ఒకచోట ఆగిపోయింది. నేను ఆపడం కాదు, లోపల తలుపు మూసినట్టు అదే ఆగింది. భుజం బిగుసుకుపోయిందని, దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారని, నలభై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తుంటామని చెప్పాడు. కొన్ని నెలలు బిగుస్తుందట, కొన్ని నెలలు అట్లాగే ఉంటుందట, ఆ తర్వాత మెల్లగా వదులుతుందట. తొందరపెడితే వినదట. షుగరు ఉన్నవాళ్ళకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. మీ ఇంట్లో అమ్మకు గానీ అక్కచెల్లెళ్ళకు గానీ ఇట్లా వచ్చిందా అని అడిగాడు. ఎవరికీ రాలేదండీ అన్నాను. ఆ మాట చాలా ధీమాగా అన్నాను.

రక్తపరీక్షలో షుగరు గీత దాటి కొంచెం అవతల నిలబడి ఉంది. దాన్ని గురించి ఇంతవరకూ నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. మెడ చుట్టూ నల్లబడిందని మా పిన్నమ్మ ఒక పెళ్ళిలో అందరి ముందూ అన్నప్పుడు సెనగపిండి రుద్దుకున్నాను గానీ, అది షుగరుకు ముందు కనబడే గుర్తుల్లో ఒకటి కావచ్చని సైన్సు టీచరునైన నాకే తట్టలేదు.

సాయంత్రాలు ఫిజియోథెరపీకి పోవడం మొదలుపెట్టాను. అక్కడ ఒక చిన్న వయసు అమ్మాయి వేడి కాపడం పెట్టి, గోడ మీద వేళ్ళతో బల్లిలాగా పైకి పాకించేది. నిన్న వేళ్ళు ఎక్కడిదాకా పోయాయో ఈ రోజు అంతకంటే గోరంత పైకి పోవాలి. ఒక్కోరోజు గోరంత కిందికి పోయేవి. ఆ అమ్మాయి బాగుంది మేడమ్, బాగుంది అనేది. ఏం బాగుందో నాకు అర్థమయ్యేది కాదు.

నొప్పి కంటే నన్ను ఎక్కువ విసిగించింది బట్టలు. నా బీరువాలో ఉన్నవన్నీ తల మీదుగా వేసుకునేవో, వెనక హుక్కులు పెట్టుకునేవో. ఈ దేశంలో ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాళ్ళందరూ మన చేతులు వీపు వెనక మొలిచాయనుకుంటారేమో. ముందు గుండీలున్న కుర్తాలు కొనుక్కుందామని దగ్గర్లోని మాల్‌కు పోయాను. ముందు గుండీలు ఉన్నాయి గానీ, అవి ఉత్త అలంకారం. కుట్టి మూసేసిన పట్టీ మీద గుండీలు అతికించారు. ఒకటి మాత్రం కొంచెం వదులుగా ఉన్నట్టనిపించి ట్రయల్ రూములోకి తీసుకుపోయాను. తల దూరింది, ఎడమచెయ్యి దూరింది. కుడిచెయ్యి చంక దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వెనక్కి తీద్దామంటే రాదు, ముందుకు తోద్దామంటే పోదు. మొహం మీద గుడ్డ, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. ఫోను సంచిలో ఉంది, సంచి కొక్కేనికి తగిలించి ఉంది, కొక్కెం ఎక్కడుందో కనపడదు.

చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. తర్వాత సిగ్గు విడిచి కేకేశాను. షాపు అమ్మాయి తలుపు బయట నిలబడి, "మేడమ్, ఎక్సెల్ తెచ్చేదా?" అని అడిగింది. సైజు కాదమ్మా, చెయ్యి అన్నాను. డబుల్ ఎక్సెల్ కూడా ఉండాది మేడమ్ అంది. గడియ తీయడానికి ఇంకొంత సేపు పట్టింది. ఆఖరికి ఆ పిల్ల లోపలికి వచ్చి పక్క కుట్టు విప్పితే గానీ బయటపడలేదు. ఆ కుర్తాను నేనే కొనుక్కున్నాను. పోతూ పోతూ ఆ అమ్మాయి ఎంతో మంచితనంతో, మేడమ్ మీకు నిలువు గీతలు బాగుంటాయి, సన్నగా చూపిస్తాయి అని చెప్పింది.

ఇంటికి వచ్చాక మా ఆయనకు హుక్కులు పెట్టడం నేర్పాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో హుక్కునూ ఏదో యంత్రం బిగించినట్టు బిగించేవారు. అంతా అయ్యాక పైన ఒక కొక్కెం మిగిలిపోయేది. మళ్ళీ మొదటి నుంచి విప్పాల్సివచ్చేది. కింద స్కూలు బస్సు హారన్ కొడుతూ ఉండేది. చివరకు నా పాత చీరల జాకెట్లన్నీ టైలరుకు ఇచ్చి ముందువైపు హుక్కులకు మార్పించాను. బతుకు కొంచెం తెరిపిన పడింది అనుకుంటున్నప్పుడే మా అక్క కూతురి పెళ్ళి కుదిరింది.

దేవనహళ్ళి రోడ్డులో కల్యాణమంటపం. మా అక్కకు ఒక్కతే కూతురు. ఈ పెళ్ళిలో ప్రతిదీ ఎట్లా కనపడాలో ఆమె మనసులో ముందే ఉంది. పెళ్ళికూతురి తరఫు ఆడవాళ్ళందరూ ఒకే రంగు, ఒకే మాదిరి జాకెట్టు వేసుకోవాలని తీర్మానించింది. ఫోనులో ఒక వీడియో పంపింది. సన్నటి అమ్మాయి ఒకతె వెనక్కి తిరిగి నిలబడి ఉంది. వీపు మీద వంపు తిరిగిన కోత, దాని కింద వరసగా హుక్కులు, పైన ముడి వేసిన తాళ్ళు, ఆ తాళ్ళ చివర చిన్న చిన్న జుంకీలు. నిజం చెప్పాలంటే చూడడానికి చాలా బాగుంది. నాకూ వేసుకోవాలని మనసయింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

ఫోను చేసి, అక్కా, నా దానికి మాత్రం ముందువైపు హుక్కులు పెట్టించు, వెనకవైపు చూడడానికి అట్లాగే ఉండేలా కుట్టొచ్చు అన్నాను. ముందు హుక్కులు పెడితే హుక్కుకూ హుక్కుకూ మధ్య సందులు కనిపిస్తాయని, నీ వయసుకూ నీ ఒంటికీ వెనక హుక్కులుంటేనే ముందర నున్నగా, బిగువుగా ఉంటుందని, మోచేతిదాకా చేతులు పెడితే దండచేతులు లావుగా కనపడవని ఆమె పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. దండలు లావుగా కనపడడం కాదక్కా నా బాధ, దండ లేవకపోవడం అన్నాను.

"ఒక్క పూట, తల్లీ. మల్లా నువ్వు గోనెసంచి చుట్టుకో, నేనేమీ అనను," అంది.

బుటీక్ ఆమె కొలతలు తీసుకోవడానికి పిలిచినప్పుడు ఆమెకే నేరుగా చెప్పాను. ఆమె మన కడప వైపు నుంచి వచ్చిన అమ్మాయి, మాటల్లో ఇంగ్లీషు ఎక్కువ. ఫ్రంట్ ఓపెన్ అంటే ఓల్డ్ లుక్ వస్తాది మేడమ్ అని కొంచెం గొణిగి, సరే మీ కంఫర్ట్ అంది. నా ముందే రాసుకుంది. నేను నిశ్చింతగా ఇంటికి వచ్చాను. పెళ్ళికి ముందురోజు సాయంత్రం రిసెప్షన్‌లో ముందువైపు గుండీలున్న పొడుగాటి గౌను ఒకటి వేసుకున్నాను. మా అక్క దాన్ని చూసి ఏమీ అనలేదు గానీ ఫోటోలు తీసేటప్పుడు నన్ను వెనక వరసలోకి జరిపింది. మరుసటి ఉదయం తొడుక్కోవాల్సిన జాకెట్టు అప్పటికింకా బుటీక్ నుంచి రాలేదు. రాత్రి మంటపంలోనే పడుకున్నాం, తెల్లవారాక అందరివీ ఒకే సంచిలో మా గదికి వచ్చాయి.

నాది తీసి చూశాను. వెనకవైపే హుక్కులు. తాళ్ళు, జుంకీలు కూడా. బుటీక్ అమ్మాయికి ఫోను చేస్తే, మీ సిస్టర్ కాల్ చేసి అందరివీ సేమ్ ఉండాలన్నారు మేడమ్ అంది.

ఇంటికి పోయి వేరే జాకెట్టు తెచ్చుకుందామంటే ఇల్లు సర్జాపుర రోడ్డులో ఉంది. దేవనహళ్ళి నుంచి అక్కడికి పోయి తిరిగి వచ్చేసరికి ముహూర్తం మాట అటుంచి, భోజనాలు కూడా అయిపోతాయి. మా ఆయన మగపెళ్ళివారిని పలకరించడానికి కిందికి పోయి ఉన్నారు. మిగిలిన ఆడవాళ్ళు పెళ్ళికూతురి గదిలో జడ అలంకరిస్తున్నారు. గదిలో నేనొక్కదాన్నే. కోపంలో ఏ చెయ్యి ముందు, ఏది తర్వాత అని ఆలోచించకుండా ఎడమచెయ్యి దూర్చి, జాకెట్టును ఎద మీదికి లాగి, కుడిచెయ్యి ఎత్తి లోపలికి తోశాను. భుజంలో అదే చువ్వ దిగింది. అరవకుండా ఉండడానికి పెదవి కొరుక్కుని మంచం అంచున కూలబడ్డాను. ఒంటి మీద సగం తొడిగిన పట్టుజాకెట్టు, ఒడిలో చీర. కింద నాదస్వరం మొదలైంది. ఈ వయసులో జాకెట్టు తొడుక్కోలేక ఏడుస్తున్నానే అనిపించి ఇంకా ఏడుపొచ్చింది.

అప్పుడు మా అక్క తాళంచేతుల కోసం గదిలోకి వచ్చింది. ఇంకా కాలేదా అని గట్టిగా అడగబోయి నన్ను చూసి ఆగిపోయింది. తలుపు మూసి గడియ పెట్టింది. నా ఎడమచెయ్యి నుంచి జాకెట్టు బయటికి తీసింది.

"ఆ చెయ్యి కిందికి వదిలెయ్. ఊరికే వేలాడనీ. నువ్వేమీ లేపద్దు. నేను ఎక్కిస్తా," అంది.

నేను కుడిచెయ్యి వేలాడదీసి కొంచెం ముందుకు వంగాను. ఆమె జాకెట్టు చేతిని ముడతలుగా పోగుచేసి, నా వేళ్ళ మీదుగా, మోచేతి మీదుగా, భుజం దాకా మెల్లగా ఎక్కించింది. ఆ తర్వాత ఎద మీదుగా తెచ్చి ఎడమచేతికి తొడిగింది. ఒక్కసారి కూడా లాగలేదు. నొప్పి ఉన్న చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్నే ఆఖరున విడిపించాలి అని ఫిజియోథెరపీ అమ్మాయి నాకు చెప్పిన పద్ధతి ఇదే. కోపంలో నేను మరిచిపోయాను. మా అక్క మాత్రం రోజూ చేసే పనిలాగా చేసింది.

"ఇట్లా తొడగాలని నీకు ఎవరు చెప్పినారు?" అని అడిగాను.

ఆమె నా వెనక నిలబడి హుక్కులు పెడుతోంది.

"ఎవరు చెప్పేది. నాకూ వచ్చింది," అంది. "కొత్త ఇంట్లోకి పోయినామే, ఆ ఏడాది. ఎడమ భుజం."

ఎప్పుడూ చెప్పలేదే అన్నాను. చెప్పడానికి ఏముంది అంది. అప్పుడు కొంచెం కొంచెంగా చెప్పింది. ఏడాదికి పైగా చెయ్యి లేవలేదట. జాకెట్టు విప్పుకోలేక చాలాసార్లు దానితోనే పడుకుందట. ఒకసారి విసుగొచ్చి కత్తెరతో కత్తిరించుకుందట. బావగారికి కూడా చెప్పలేదు. ఇంట్లో నైటీలు వేసుకోవడం అలవాటు చేసుకుంటే, ఆయన ఈమెకు బద్ధకం పెరిగిందన్నాడట. బయటికి పోవాల్సి వస్తే శాలువా కప్పుకుందట. ఆ ఏడాది మేము కలిసిన ఫంక్షన్లన్నింటిలోనూ ఆమె శాలువా నాకు గుర్తుంది. అప్పుడు నేను ఆమెతో అన్న మాట కూడా గుర్తుంది. శాలువాలో పెద్దదానిలాగా కనిపిస్తావక్కా, తీసెయ్ అన్నాను.

"అమ్మకీ ఉండింది," అంది హుక్కులు అయ్యాక. "నువ్వు కాలేజీకి పోతా ఉన్నప్పుడు. నీకు జడ వేసేది మానేసింది కదా. చేతులు లేచేవి కాదు ఆమెకి."

నేను తిరిగి ఆమె మొహం వైపు చూశాను. అమ్మ ఉన్నట్టుండి ఒకరోజు దువ్వెన నా చేతిలో పెట్టి, పెద్దదానివయ్యావు, నీ జడ నువ్వు వేసుకో అంది. నేను క్లాసులో ఒక అబ్బాయితో మాట్లాడుతున్నానని ఎవరో చెప్పారని, అందుకే కోపమని అనుకున్నాను. ఆ అబ్బాయితో మాట్లాడడం మానేశాను. అయినా అమ్మ జడ వేయలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళూ ఆ కోపం ఎందుకో తెలియక అప్పుడప్పుడూ తలుచుకునేదాన్ని. అది కోపమే కాదట. భుజమట.

నాకు దుఃఖం రావాల్సింది. వచ్చింది గానీ దానికంటే ముందు ఒళ్ళు మండింది. డాక్టరు అడిగితే మా ఇంట్లో ఎవరికీ లేదని చెప్పి వచ్చాను కదా అన్నాను. మీలో ఒక్కరు ఒక్క మాట చెప్పి ఉంటే, నొప్పి మొదలైన వారంలోనే పోయి చూపించుకునేదాన్ని కదా అన్నాను. ఇన్ని పెళ్ళిళ్ళలో, ఇన్ని ఫోన్లలో నా నడుము గురించీ నా జుట్టు గురించీ మాట్లాడడానికి తీరిక దొరికింది గానీ దీనికి దొరకలేదా అన్నాను.

"చెప్తే ఏమంటారు? అప్పుడే ముసిల్ది అయిపాయ అంటారు," అంది.

మరి అంత తెలిసినదానివి, నాకు వెనక హుక్కులు ఎందుకు పెట్టించావని అడిగాను. ఆమె నా చీర కుచ్చిళ్ళు పెట్టడానికి మోకాళ్ళ మీద కూర్చుంది. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నీకు అంత ఉండాదని నమ్మలేదు. నువ్వు చిన్నప్పటినుంచీ ఏ నొప్పినైనా పెద్దగా చెప్తావు. నేను ఓర్చుకున్నా కదా, ఇదీ ఓర్చుకుంటాది అనుకున్నా."

కింద నుంచి ఎవరో పెళ్ళికూతురి అమ్మ ఎక్కడ అని కేకేశారు. ఆమె కుచ్చిళ్ళు దోపి, పిన్ను పెట్టి, తాళంచేతులు తీసుకుని పోయింది.

ముహూర్తం వేళకు అక్షింతలు వేయడానికి వరుసలో నిలబడ్డాను. కుడిచేత్తో వేస్తే నా పాదాల మీదే పడతాయి. ఎడమచేత్తో తీసుకున్నాను. పక్కనున్న మా పిన్నమ్మ వెంటనే చూసింది. ఎడమచేత్తో వేస్తావా, శుభమా అని మొదలుపెట్టింది. పీట మీద కూర్చున్న మా అక్క తల తిప్పి, అందరికీ వినపడేటట్టు, ఆమెకి భుజం బిగుసుకుపోయుండాది, నాకూ వచ్చింది, ఎడమచేత్తోనే వేస్తాది అంది. మా పిన్నమ్మ నోరు మూసుకుంది. తర్వాత భోజనాల దగ్గర ఆమే నా పక్కన వచ్చి కూర్చుని, నీది ఏ చెయ్యి, పైకి ఎంతవరకు పోతాది అని మెల్లగా అడిగింది. తనకు కుడిచెయ్యి అంది. ఎన్నేళ్ళుగా అంటే, పోనీలే అని మాట మార్చి పాయసం బాగుందంది.

ఫోటోలు వచ్చాక చూశాను. మేమందరం వెనక్కి తిరిగి నిలబడిన ఫోటో ఒకటి ఉంది. ఆ జాకెట్టు నాకు నిజంగానే బాగా కుదిరింది. వీపు పొందికగా, భుజాలు తీరుగా ఉన్నాయి. ఆ కుడి భుజాన్ని చూస్తే లోపల ఏదో ఉందని ఎవరూ అనుకోరు. ఆ జాకెట్టును నేను మళ్ళీ వేసుకోలేదు. అదే గుడ్డ రంగులో, అదే వీపు కోతతో, ముందువైపు హుక్కుల మీద ఒక పట్టీ కప్పి వేరే జాకెట్టు కుట్టించుకున్నాను. సందులూ కనపడవు, ఏమీ కనపడవు. మా అక్క దాన్ని చూసి, ఇట్లా కుట్టొచ్చని ముందే చెప్పి ఉండచ్చు కదా అంది. చెప్పానని గుర్తు చేయడానికి ఓపిక లేక ఊరుకున్నాను.

భుజం వదలడానికి చాలా కాలం పట్టింది. గోడ మీద వేళ్ళు పాకించడం, తువ్వాలుతో వీపు వెనక చెయ్యి లాగడం, కాపడం, అన్నం తగ్గించడం, సాయంత్రం నడక. ఏ రోజు బాగుపడిందో చెప్పలేను. ఒకరోజు స్నానం చేస్తుంటే చెయ్యి దానంతట అదే వీపు మీదికి పోయింది. పోయాక గమనించాను. ఇప్పటికీ వానాకాలంలో కొంచెం పట్టేసినట్టుంటుంది.

మా అక్కను షుగరు పరీక్షకు తీసుకుపోవడానికి అంతకంటే ఎక్కువ పోరాడాల్సివచ్చింది. నాకేమీ లేదంది, పెళ్ళి అలసట అంది, ఉపవాసం అంది. ఆఖరికి అల్లుడు వస్తున్నాడని అబద్ధం చెప్పి కారు ఎక్కించాను. ఆమెది నాకంటే చాలా ఎక్కువ ఉంది. డాక్టరు ఎప్పటినుంచి ఉందో తెలియదన్నాడు. బయటికి వచ్చాక ఆమె నాతో మాట్లాడలేదు. ఇంటి దగ్గర దించుతుంటే, నువ్వు పరీక్ష చేయించకపోయుంటే నాకు రాకపోయుండేది అన్నట్టు చూసింది. ఆమె కూతురికి ఫోను చేసి, మీ అమ్మమ్మకూ అమ్మకూ నాకూ ఇట్లా ఉంది, నువ్వు ఏడాదికొకసారి రక్తం చూపించుకోవాలి అని నేనే చెప్పాను. కొత్త పెళ్ళికూతురికి ఇవన్నీ ఎందుకు చెప్పావని మా అక్క వారం రోజులు అలిగింది.

మొన్న ఆదివారం ఆమే ఫోను చేసింది. ఎప్పటిలాగా నా ఒంటి గురించి అడగలేదు. మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తోందని, ముందే చెప్పాలన్నావు కదా, అందుకే చెబుతున్నానని అంది. మంచిపని చేశావక్కా, రేపే డాక్టరు దగ్గరికి పోదాం, నేను స్కూలుకు సెలవు పెడతాను అన్నాను.

"డాక్టరు ఎందుకే? నీకు చెప్పినా కదా," అంది.